నక్షత్రకుడికో ఉత్తరం

ఇంటీరియర్ కొటేషన్‌లో అంకెల పక్కన వెలసిన స్టార్ గుర్తుకు,

హరిశ్చంద్రుడి వెంటపడ్డ నక్షత్రకుడు కనీసం మనిషిలా ఎదురుగా నిలబడి బాకీ అడిగాడు. నువ్వు ఆవగింజంత ఉండి, 6,40,000 పక్కన నోరు మూసుకుని కూర్చున్నావు. ముద్రణలో ఏదో మరక పడిందనుకున్నాను.

మియాపూర్‌లో మా ఫ్లాట్ తాళాలు చేతికొచ్చిన వారానికే ముగ్గురు డిజైనర్లను పిలిచాం. మొదటాయన పదకొండు పేజీలు ఇచ్చాడు. ఏ తలుపుకి ఎన్ని హింజులు, లోపల ఏ లామినేట్, బయట ఏ లామినేట్, అన్నీ రాశాడు. మొత్తం 8,70,000. "ఇంత రాశాడంటే ఇంకెంత లాగుతాడో అండీ" అంది మా ఆవిడ. రెండో ఆయన వాస్తు దగ్గరే ఆగిపోయాడు. మూడో ఆయన ఒక్క పేజీ, ఒక త్రీడీ బొమ్మ తెచ్చాడు. మొత్తం 6,40,000, పక్కన నువ్వు. ఆ బొమ్మలోని వంటింట్లో మిక్సీ లేదు, గ్యాస్ బండ లేదు, ఆవకాయ జాడీ లేదు. గట్టు మీద గిన్నెడు పచ్చ ఆపిల్స్ మాత్రం ఉన్నాయి. మా ఇంట్లో పచ్చ ఆపిల్ ఎవరూ తినరు. అయినా పడిపోయాం.

బుకింగ్‌కి 10 శాతం, డిజైన్ ఓకే అన్నాక 50, సరుకు దిగాక 35, చివర్లో 5. మూడో చెక్కు ఇచ్చేశాక మన మాట ఎవరు వింటారో నీకు తెలుసు, నాకే తెలియలేదు.

వార్డ్‌రోబ్ ఏడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు. 49 చదరపు అడుగులు, అడుగు 1,400 చొప్పున 68,600. పైన అటక కూడా ఇందులోనే కదా అన్నాను. "అటక కాదు సార్, లాఫ్ట్. అది వేరే" అన్నాడు. ఇంకో 14 అడుగులు, ఇంకో 19,600. అటక అన్నన్నాళ్ళూ ఖర్చు లేదు, లాఫ్ట్ అనగానే మీటరు తిరిగింది. ఆ పైన హ్యాండిల్స్ వేరే, ప్రొఫైల్ లైట్లు వేరే. 18 శాతం జీఎస్టీ, అంటే 1,15,200, అదీ వేరే. ప్రతిసారీ ఒకే జవాబు: "స్టార్ చూడలేదా సార్?" చూశాను నాయనా. పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో నీ కాపురం ఉందని మాత్రం తర్వాత తెలిసింది.

అన్నిటికంటే నన్ను దెబ్బకొట్టింది ప్లైవుడ్. కొటేషన్‌లో "710 గ్రేడ్*" అని ఉంది. 710 అంటే నీళ్ళకు తట్టుకునే మెరైన్ ప్లై, 303 అంటే మామూలుది. మా నాన్న ఈ ముక్క ఎక్కడ విన్నారో, సింకు కింద బాక్సు కోస్తుంటే మిగిలిన తునక ఒకటి తెచ్చి పాత గిన్నెలో ఉడకేశారు. "710కి 72 గంటల పరీక్ష ఉందిరా" అన్నారు. మూడు రోజులు ప్లైవుడ్ వండితే బండ అయిపోతుందని మా ఆవిడ గొడవ. అంత దూరం రాలేదులెండి. పప్పుచారు దించేలోపే ఆ ముక్క తాపేశ్వరం మడతకాజాలా పొర పొరా విచ్చుకుంది. పాకం ఒక్కటే తక్కువ. ఫోన్ చేస్తే అడుగున చదవమన్నాడు. చదివాను: "*లేదా తత్సమానం."

ఏమాటకామాటే, మొదటాయన పదకొండు పేజీల్లో నువ్వు ఒక్కచోట కూడా లేవు. ఆ తేడా మాకు 2,30,000 ఆదాగా కనిపించింది.

"45 రోజులు*" సంగతి సరేసరి. హోళీకి ఊరెళ్ళిన కార్పెంటర్లు ఉగాది పచ్చడి అరిగాక వచ్చారు. గృహప్రవేశం నాడు పాలు పొంగాయి, వంటింట్లో మూడో డ్రాయర్ మాత్రం తెరుచుకోలేదు. ఈరోజుకీ తెరుచుకోలేదు. గరిటెలు అందులోనే ఉన్నాయి.

ఆఖరి 5 శాతం, 32,000 కోసం ఆయన రోజూ ఫోన్ చేస్తున్నాడు. నిన్న వాట్సాప్‌లో జవాబు పెట్టాను: "తప్పకుండా ఇస్తానండీ, 32,000*."

రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"సార్, ఈ స్టార్ ఏంటి సార్?"