మెట్లెక్కలేని డాక్టరు మాకొద్దు బాబూ!

దేశంలో డాక్టరు చదువులకి రూల్సు పెట్టే నేషనల్ మెడికల్ కమిషన్ వారికి పర్లాకిమిడి నుంచి ఒక సామాన్యుడి అభినందనలు. వికలాంగులైన పిల్లల ఎంబీబీఎస్ అడ్మిషన్లకని 2025 జులైలో మధ్యంతర గైడ్‌లైన్స్ తెచ్చారు చూడండి, అందులో పిల్లలు తమ గురించి తామే రాసివ్వాల్సిన అఫిడవిట్ ఒకటుంది. దెబ్బతిన్న కాలి మీద బరువు మోపి నిలబడగలవా? సాయం లేకుండా మెట్లు ఎక్కి దిగగలవా? నీట్ పాసై వచ్చిన పిల్లని అడగాల్సిన ప్రశ్న అంటే అదీ! మా వీధి చివర మిషన్ కుట్టుకునే ఆయన కూతురికి పుట్టుకతోనే కుడి పాదం వంకర. ఆ కాగితం పట్టుకుని ఆయన నా దగ్గరికొచ్చి "మాస్టారూ, ఇక్కడేటి రాయాల, ఎక్కుతాది అనా, ఎక్కలేదు అనా? ఏది రాస్తే సీటొస్తాది?" అని అడిగాడు. ఆయన అమాయకుడు, సీటు గురించి ఆలోచిస్తున్నాడు. కమిషన్ వాళ్ళు దేశం గురించి ఆలోచిస్తున్నారు.

మనకి తెలీదు గానీ వైద్యశాస్త్రం మొత్తం మెట్ల మీదే నిలబడి ఉంది. జ్వరం ఎప్పుడూ రెండో అంతస్తులోనే వస్తుంది. గుండెపోటు వచ్చినోడు ముందు మేడ ఎక్కి కూర్చుని ఆ తర్వాతే డాక్టర్ని పిలుస్తాడు. వైజాగ్‌లో పెద్ద పెద్ద ఆస్పత్రుల్లో డాక్టర్లు హాయిగా లిఫ్ట్‌లో దిగి కారెక్కి పోతుంటారు, వాళ్ళ డిగ్రీలు అర్జెంటుగా వెరిఫై చెయ్యాలి అని నా డిమాండు.

ఈ మెట్ల పిచ్చి ఢిల్లీలో పుట్టిందేం కాదు లెండి. ఈ చుట్టుపక్కలే ఒక సర్కారీ ఆస్పత్రిలో, పేరు చెప్పను, వికలాంగుల సర్టిఫికెట్లిచ్చే బోర్డు మేడ మీద కూర్చుంటుంది. అవును, మేడ మీద. ర్యాంప్ ఉంది, దాని మీద స్టాఫ్ బైకులు ఎండ తగలకుండా పడుకుంటాయి. లిఫ్ట్ కూడా ఉంది, అందులో బ్లీచింగ్ పౌడర్ బస్తాలు చాలా ఏళ్ళుగా పైకి వెళ్ళడానికి వెయిట్ చేస్తున్నాయి. ఇక మనుషులు మెట్లెక్కాలి. చంక కర్రలతో ఆపసోపాలు పడి పైదాకా వెళ్ళినోణ్ణి చూసి లోపలున్న సారు "ఎక్కొచ్చేశావుగా, ఇంకేం వైకల్యం, పర్సెంటేజీ తగ్గించండి" అంటాడు. తండ్రి వీపు మీద వచ్చిన పిల్లాణ్ణి చూసి "అయ్యో, ఎత్తుకొస్తే గానీ రాలేనోడు రేపు వార్డులో రౌండ్స్ ఏం తిరుగుతాడు" అంటాడు. రెండూ కుదరక కిందే కూర్చున్నోడికి ఆబ్సెంట్. నేను బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. అక్కడ మొత్తం 20 మెట్లు. ఎనిమిదో మెట్టు మీద ఆగి కదలకుండా కూర్చుంటే సరిగ్గా 40 శాతం! వికలాంగుల కోటాకి చట్టం అడిగేది అంతే కదా. పై సారు అక్కడికే దిగొచ్చి స్టాంపేసి వెళ్ళొచ్చు, కాకపోతే ఆయనకి మోకాళ్ళ నొప్పులట, మెట్లు దిగలేడట.

40 అంటే గుర్తొచ్చింది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి, మా కొండల్లో చాలామందికి తెలిసిన సికిల్ సెల్ అనే రక్తం జబ్బు కూడా అందులో ఉంది. 40 శాతం, ఆపైన ఉంటే ఉన్నత చదువుల్లో 5 శాతం సీట్లలో వాటా. బాగుంది. కానీ మాట్లాడ్డంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకి మెడికల్ రూల్సులో అదే 40 దగ్గర అనర్హత పెట్టారు. కోటా గేటు తెరిచేదీ ఆ అంకె దగ్గరే, కాలేజీ గేటు మూసేదీ ఆ అంకె దగ్గరే! 44, 45 శాతం ఉన్న ఒక కుర్రాడు బాంబే హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా పోతే గానీ, 2024 అక్టోబర్లో, అంకె చూసి తోసెయ్యకండి, చదవగలడో లేడో చూడండి అని తేలలేదు. "రెండు చేతులూ సలక్షణంగా ఉండాలి" అనే ఇంకో రూల్ని 2025 ఫిబ్రవరిలో అదే కోర్టు కడిగిపారేసింది. ఫిబ్రవరిలో చేతుల గురించి తిట్లు తిని, జులైకల్లా కాళ్ళ మీద పడ్డారు మనవాళ్ళు.

పాత రోజుల్లో ఎంత అజాగ్రత్తగా ఉండేవాళ్ళో చూడండి. వెల్లూరులో మేరీ వర్గీస్ అనే డాక్టరుకి 1954లో కారు యాక్సిడెంట్లో నడుం కింద చచ్చుబడిపోతే, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకి ఆపరేషన్లు చేసింది, తర్వాత అక్కడే రిహాబిలిటేషన్ విభాగం మొదలెట్టింది. ముంబైలో సురేశ్ అద్వానీ, పోలియో, చక్రాల కుర్చీ, క్యాన్సర్ డాక్టరు, 2012లో పద్మభూషణ్. వీళ్ళని ఒక్కరూ మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి టెస్ట్ చెయ్యలేదు! అంతెందుకు, మన గిడుగు రామమూర్తి పంతులు గారు. సవరల భాష కోసం ఈ కొండలన్నీ తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నాడు. వినపడకుండానే సవర వ్యాకరణం, నిఘంటువు రాశాడు. ఇప్పుడు గానీ అప్లికేషన్ పెట్టుంటే "భాషకి చెవులు తప్పనిసరి, రిజెక్టెడ్" అని రాసి పంపేవాళ్ళు, మనం ఆగస్టు 29న ఎవరికి దండేసేవాళ్ళమో మరి.

సరే, నవ్వింది చాలు. రెండు చేతులూ రెండు కాళ్ళూ దిట్టంగా ఉన్న డాక్టర్లని మీరు ఏరి ఏరి పంపారు కదా, వాళ్ళేరి? గుణుపురం దాటి పైకెళ్తే నేను చూసిన పీహెచ్‌సీకి ముందు మూడంటే మూడు మెట్లు. ఆ మూడు మెట్లూ ఎక్కే డాక్టరు లేడు. పోస్టింగ్ ఆర్డరుంది, గోడ మీద పేరుంది, మనిషి టౌన్లో క్లినిక్‌లో ఉన్నాడు. డోలీలో మోసుకొచ్చిన బాలింతకి ఫార్మసిస్ట్ బీపీ చూసి, చేతనైన మాత్ర ఏదో ఇచ్చి, అంబులెన్స్‌కి ఫోన్ చేసి, సిగ్నల్ లేక కొండ చివరికి పరిగెత్తాడు. ఆ కుర్చీలో వంకర పాదంతో కూర్చునే డాక్టరమ్మ ఉంటే ఆ బాలింతకి నష్టమా? ఏ నష్టం? సిగ్గుందా అసలు మనకి? ఈ ఊళ్ళో పుట్టి, ఈ భాషలన్నీ వచ్చి, ఇక్కడే ఉంటానంటున్న పిల్లని పట్టుకుని మెట్లెక్కుతావా అని అడుగుతున్నారు! ఒక కుర్చీ కాస్త ఎత్తు పెంచలేరు, ఒక ర్యాంప్ మీంచి బైకులు తీయించలేరు, పిల్లని మాత్రం సరిచెయ్యాలి.

ప్రస్తుతానికి ఆ అమ్మాయి చెన్నై వెళ్తోంది. నీట్ కోటాకి జిల్లా బోర్డు కాగితం చెల్లదు, చెన్నై, కోల్‌కతా, ముంబై లాంటి చోట్ల ఉన్న సెంటర్లలోనే మళ్ళీ కొలిపించుకోవాలి. పలాసలో చెన్నై మెయిల్ ఎక్కాలి, రిజర్వేషన్ వెయిటింగ్ లిస్టు. దివ్యాంగుల బోగీ ఉంటుందిగా అంటారేమో, ఉంటుంది, రైలుకి ఎక్కడో చివర్న. ప్లాట్‌ఫారం పొడుగునా ఈ పిల్ల కుంటుకుంటూ అక్కడికి చేరేసరికి, ఏ సాయం లేకుండా ఎక్కేసినోళ్ళు సీట్లన్నీ నిండా కూర్చుని పల్లీలు ఒలుచుకుంటూ ఉంటారు.