అమ్మకానికి లేని జట్టు

2021 చివర్లో అమెరికాలో జనం 300 డాలర్లు పెట్టి ఒక కాగితం కొనుక్కున్నారు. పేరుకు అది షేరు. దాని మీద డివిడెండ్ రాదు. ధర పెరగదు. బజార్లో అమ్ముకోవడానికి వీల్లేదు, ఇంట్లోవాళ్లకు రాసివ్వవచ్చు, అంతే. ఆట చూడటానికి టికెట్ కూడా ఇవ్వరు. లాభం కోసమైతే కొనవద్దని అమ్మేవాళ్లే పత్రాల్లో రాసి మరీ చెప్పారు. మన దగ్గర ఎవరైనా ఇలాంటి స్కీము పెడితే ఊళ్లో తిరగనిస్తారా! అక్కడ మాత్రం దాదాపు రెండు లక్షల షేర్లు చెల్లిపోయాయి. గ్రీన్ బే ప్యాకర్స్ అనే ఫుట్‌బాల్ జట్టు ఖాతాలో సుమారు ఆరు కోట్ల డాలర్లు పడ్డాయి.

ఫుట్‌బాల్ అంటే మనం చూసే కాలి బంతి కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరిగెడుతూ, ఒకరి మీద ఒకరు పడి ఆడే అమెరికన్ ఆట. దాని ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. అందులో 31 జట్లకు కోటీశ్వరులు యజమానులు. మిగిలిన ఒక్కటి విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బేది. ఊరి జనాభా లక్షా ఏడు వేలు, మన భీమవరం కంటే తక్కువ. యజమానులు మాత్రం ఐదు లక్షల పైచిలుకు! లీగ్ చరిత్రలో అందరికంటే ఎక్కువగా 13 సార్లు చాంపియన్ అయింది కూడా ఈ జట్టే.

ఇది 1919 ఆగస్టులో గ్రీన్ బే ప్రెస్-గెజెట్ పత్రిక ఆఫీసులో పుట్టింది. ఆ పత్రిక క్రీడా సంపాదకుడు జార్జ్ కాల్హౌన్, కర్లీ లాంబో అనే ఇరవై ఒక్కేళ్ల కుర్రాడు కలిసి మొదలుపెట్టారు. లాంబో మాంసం డబ్బాల్లో ప్యాక్ చేసే ఒక కంపెనీలో గుమాస్తా. జెర్సీల కోసం యజమానిని అడిగితే ఆయన 500 డాలర్లు ఇచ్చాడు. ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ప్యాకర్స్ అనే పేరు మిగిలింది. పత్రికాఫీసులో పుట్టిన జట్టు కదా, మాకు దానిమీద కాస్త పక్షపాతం కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

మొదటి ముప్పై ఏళ్లూ అప్పుల కథే. 1922లో వాన పడితే డబ్బిచ్చేలా బీమా చేయించారట. వాన కురిసింది, జనం రాలేదు. తీరా చూస్తే ఒప్పందంలో రాసుకున్న దానికంటే అంగుళంలో నూరోవంతు తక్కువ పడిందని బీమా కంపెనీ చేతులెత్తేసిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. మరుసటి ఏడాది ఊరి పెద్దలు కూర్చుని, జట్టును లాభాపేక్ష లేని సంస్థగా మార్చి, ఐదేసి డాలర్లకు వెయ్యి షేర్లు అమ్మకానికి పెట్టారు. తర్వాత ఒక ప్రేక్షకుడు స్టాండ్ నుంచి కింద పడి కేసు వేస్తే జట్టు దివాలా అంచుకు వెళ్లింది. 1935లో మళ్లీ జోలె పట్టారు. 1950లో ఇంకోసారి. అప్పుడు షేరు 25 డాలర్లు, ఒక్కరి చేతిలో 200 షేర్లకు మించి ఉండకూడదని నియమం. ఎవరో ఒక షావుకారు వచ్చి గుత్తగా కొనేసి జట్టును పట్టుకుపోకుండా వేసిన కంచె అది.

దానికంటే గట్టి కంచె మరొకటి ఉంది. జట్టును ఎప్పుడైనా అమ్మితే, అప్పులు పోను మిగిలిన సొమ్మంతా స్థానిక మాజీ సైనికుల సంఘానికి వెళ్లాలి, దాంతో సైనికులకు స్మారకం కట్టాలి అని మొదట్లోనే రాసుకున్నారు. 1997లో సంఘం బదులు ధర్మకార్యాలు చేసే జట్టు ఫౌండేషన్‌ పేరు చేర్చారు. ఎలా చూసినా షేరుదారుడికి ఒక్క డాలరు రాదు. అమ్మితే ఎవరికీ ఏమీ మిగలదు గనుక అమ్మాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. ఊరి అభిమానం గురించి వంద వ్యాసాలొచ్చాయి గానీ, మా దృష్టిలో ఈ ఒక్క వాక్యం రాసిన గుమాస్తాకు దండ వేయాలి.

1958లో జట్టు 12 ఆటలు ఆడి ఒక్కటంటే ఒక్కటి గెలిచింది. మరుసటి ఏడాది విన్స్ లొంబార్డీ కోచ్‌గా వచ్చి, 1961 నుంచి 1967 వరకు ఏడేళ్లలో ఐదు టైటిళ్లు తెచ్చిపెట్టాడు. ఇవాళ సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, గెలిచిన జట్టుకిచ్చే ట్రోఫీ ఆయన పేరు మీదే ఉంది. ఆ రోజుల్లో జరిగిన ఒక ఆటను మాత్రం కాస్త ఆగి చూడాలి. 1967 డిసెంబర్ 31, ప్రత్యర్థి డల్లాస్ కౌబాయ్స్. మైనస్ 25 డిగ్రీల చలి. గడ్డి గడ్డకట్టకుండా మైదానం కింద కరెంటు తీగలు పరిస్తే అవీ పనిచేయలేదు. రిఫరీలు ఈల నోట్లో పెట్టుకుంటే లోహం పెదవులకు అతుక్కుపోయింది. ఇక ఈలలు పక్కన పెట్టేసి అరుపులతోనే ఆట నడిపించారు. స్టాండ్లలో 50 వేల మంది కదలకుండా కూర్చున్నారు. ఇంకా 16 సెకన్లుందనగా గీతకు గజం దూరంలో బంతి. మూడు పాయింట్లు వెనకబడి ఉన్నారు. ఆటను నడిపించే ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) బార్ట్ స్టార్ బంతిని ఎవరికీ ఇవ్వకుండా తనే గుంపులోకి దూరి గీత దాటాడు. 21-17. గెలుపు ప్యాకర్స్‌ది.

ఇదంతా వింటే అభిమానమే జట్టును బతికించిందనిపిస్తుంది. అది సగం నిజం. తొలినాళ్లలో లీగ్‌లో ఇలాంటి చిన్న ఊళ్ల జట్లు ఇంకా ఉండేవి. వాటికీ అభిమానులున్నారు, అయినా ఒక్కటీ మిగల్లేదు. గ్రీన్ బేకు రెండో ఊపిరి టీవీ డబ్బు. 1961లో లీగ్ కమిషనర్ పీట్ రోజెల్, జట్లు ఎవరికి వారు టీవీ హక్కులు అమ్ముకోవద్దు, అందరం కలిపి అమ్మి సమానంగా పంచుకుందాం అన్నాడు. దానికి వీలుగా ప్రభుత్వం చట్టం చేసింది. న్యూయార్క్, షికాగో జట్లు తమ పెద్ద మార్కెట్ తమదేనని పట్టుబట్టి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అవి ఒప్పుకున్నాయి. 1962లో ఒప్పందం విలువ ఏడాదికి 46.5 లక్షల డాలర్లు, పంచుకున్నది 14 జట్లు. 2025లో విడుదలైన లెక్కల్లో లీగ్ నుంచి ప్యాకర్స్‌కు వచ్చిన వాటా 43 కోట్ల డాలర్లకు పైనే. న్యూయార్క్ జట్టుకు ఎంతో, గ్రీన్ బేకూ అంతే.

అసలు షికాగో బేర్స్ యజమాని జార్జ్ హలాస్ అంతకుముందే ఒక పని చేశాడు. 1956లో గ్రీన్ బేలో కొత్త స్టేడియం కట్టాలా వద్దా అని ఓటింగ్ పెడితే, బద్ధశత్రువు లాంటి జట్టు కోసం ఆయనే వచ్చి సభలో మాట్లాడాడు. అప్పుడు కట్టిన స్టేడియమే నేటి లాంబో ఫీల్డ్.

ఇంత చక్కటి ఏర్పాటును లీగ్ ఏం చేసింది? పోస్టర్ మీద పెట్టుకుంది, ఇంకొకరికి దక్కకుండా తలుపేసింది. ఇప్పుడున్న నిబంధనల ప్రకారం కొత్తగా ఏ ఊరూ ఇలా జట్టు పెట్టుకోలేదు. యజమానుల సంఖ్యకు పరిమితి ఉంది, వారిలో ఒకరు ప్రధాన వాటాదారుగా ఉండి తీరాలి. పాత జట్టు కాబట్టి ప్యాకర్స్‌కు మినహాయింపు. అదే లీగ్ 2024లో ప్రైవేట్ ఈక్విటీ సంస్థలకు ఒక్కో జట్టులో పది శాతం దాకా వాటా కొనుక్కునే వీలిచ్చింది. పెట్టుబడి సంస్థ రావచ్చు, ఊరివాళ్లు రాకూడదు. ఇదేం న్యాయమో మాకైతే అర్థం కాలేదు.

ఊరి చేతిలో లేకపోతే ఏమవుతుందో బాల్టిమోర్‌ను అడగాలి. 1984 మార్చిలో ఒక రాత్రి కోల్ట్స్ జట్టు సామానంతా లారీలకెక్కించి యజమాని ఇండియానాపోలిస్‌కు తరలించాడు. పొద్దున లేచేసరికి జట్టు లేదు. పదకొండేళ్ల తర్వాత క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ యజమాని తన ఆటగాళ్లను పట్టుకుని అదే బాల్టిమోర్‌కు వస్తానని ప్రకటించాడు. మనకూ తెలియని బాధ కాదిది. 2009లో ఐపీఎల్ గెలిచిన హైదరాబాద్ డెక్కన్ ఛార్జర్స్, యాజమాన్యం ఆర్థిక ఇబ్బందుల్లో పడ్డాక 2012లో రద్దయిపోయింది. అభిమానులను అడిగినవాడు లేడు.

గ్రీన్ బేలోనూ అంతా తేనె కాదు. స్టేడియాన్ని పెద్దది చేయడానికి 2000లో ఓటింగ్ పెట్టి అమ్మకం పన్ను అర శాతం పెంచారు. గ్రీన్ బే ఉన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) జనం 2015 దాకా కొన్న వస్తువుల మీద అది కట్టారు. షేరుకు డబ్బిచ్చి, టికెట్‌కు డబ్బిచ్చి, పైగా పన్ను. 81 వేల సీట్లున్నా సీజన్ టికెట్ కోసం లక్షా నలభై వేల పేర్లు వరుసలో ఉన్నాయి. షేరుదారుడైనా ఆ వరుసలో నిలబడాల్సిందే.

అయినా ఒక్క తేడా ఉంది. ఏటా జూలైలో షేరుదారులు లాంబో ఫీల్డ్ స్టాండ్లలో కూర్చుంటే, జట్టు అధ్యక్షుడు మైకు ముందు నిలబడి ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది చెబుతాడు. మిగతా 31 జట్లలో చాలావాటి స్టేడియాలకు జనం పన్నుల డబ్బు పోసింది. వాటి యజమానుల పద్దు పుస్తకం మాత్రం ఆ జనానికి ఇలా తెరిచి చూపించరు.