మనుష్యకుమారుడు: వినయం చాటే బిరుదేనా?

దేవుని కుమారుడు అంటే యేసు దైవత్వం, మనుష్యకుమారుడు అంటే ఆయన మానవత్వం. సండే స్కూల్లో మొదలై ప్రసంగ వేదికల దాకా వినిపించే వివరణ ఇదే. కొత్తదేమీ కాదు, రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్ ఇగ్నేషియస్ రాసిన లేఖలోనే దీని ఛాయలున్నాయి. గుర్తుపెట్టుకోవడానికి సులువే కానీ, సువార్తల్లో ఆ బిరుదు వచ్చే చోట్ల పెట్టి చూస్తే మాత్రం నిలవదు.

మార్కు సువార్త 14వ అధ్యాయంలో యేసు విచారణ ఘట్టం చూడండి. నువ్వు దేవుని కుమారుడివైన క్రీస్తువేనా అని ప్రధానయాజకుడు అడిగాడు. యేసు అవునన్నాడు. అక్కడితో ఆగలేదు. మనుష్యకుమారుడు సర్వశక్తిమంతుని కుడివైపున కూర్చోవడం, ఆకాశమేఘాల మీద రావడం మీరు చూస్తారన్నాడు. అది వినగానే ప్రధానయాజకుడు బట్టలు చింపుకున్నాడు, దేవదూషణ అన్నాడు. ఇశ్రాయేలు రాజును దేవుడే కుమారుడని పిలవడం 2వ కీర్తనలోనే ఉంది, కాబట్టి దేవుని కుమారుణ్ననడం దానికదే దూషణ కాదు. అక్కడున్నవాళ్లను అంతగా మండించింది మనుష్యకుమారుడి గురించిన ఆ రెండో మాటే అని నాకనిపిస్తుంది. నేనూ మనిషినే అని వినయంగా చెప్పుకున్నవాడి మీద ఎవరూ అంతలా మండిపడరు కదా!

ఆ మాట వెనకున్నది పాత నిబంధనలోని దానియేలు గ్రంథం 7వ అధ్యాయం. సముద్రంలోంచి నాలుగు క్రూర మృగాలు పైకొస్తాయి. అవి సామ్రాజ్యాలు. తర్వాత సింహాసనాలు వేస్తారు, మహావృద్ధుడు, అంటే దేవుడు, తీర్పుకు కూర్చుంటాడు. అప్పుడు మనుష్యకుమారుని పోలిన ఒకడు మేఘాలతో ఆయన దగ్గరికి వస్తాడు, ఎన్నటికీ తొలగిపోని ప్రభుత్వం అతనికి దక్కుతుంది. అతను ఒక వ్యక్తా, లేక అదే అధ్యాయంలో రాజ్యం పొందే పరిశుద్ధుల గుంపుకు గుర్తా అన్న చర్చ పండితుల్లో ఇంకా సాగుతోంది. ఎటు తేలినా, అక్కడ ఆ రూపం సూచించేది అధికారాన్నే, బలహీనతను కాదు.

మరి యేసు తెచ్చిన కొత్తదనం ఏమిటి? దానియేలు దర్శనంలో సింహాసనం ఎక్కాల్సినవాణ్ని సిలువ దారి పట్టించడం. మార్కు 8లో నువ్వు క్రీస్తువని పేతురు అనగానే, మనుష్యకుమారుడు హింసలు పొంది చంపబడాలి అంటూ యేసు మొదలుపెడతాడు. పేతురు ఆయన్ని పక్కకు తీసుకెళ్లి మందలించాడు. పాపం, అతని తప్పేముంది? మేఘాల మీద వచ్చేవాణ్ని ఎవరైనా చంపుతారని దానియేలు ఎక్కడా రాయలేదు. మార్కు పదో అధ్యాయానికొస్తే ఇంకా తేటగా ఉంటుంది: మనుష్యకుమారుడు సేవ చేయించుకోవడానికి రాలేదు, చేయడానికీ, అనేకుల కోసం తన ప్రాణాన్ని విమోచన క్రయధనంగా ఇవ్వడానికీ వచ్చాడు. దానియేలు లెక్కలో జనులందరి సేవలూ అందుకోవాల్సినవాడు ఆయన!

నాలుగు సువార్తల్లో కలిపి ఈ బిరుదు సుమారు 80 సార్లు వస్తుంది, దాదాపు ప్రతిసారీ యేసు నోటి నుంచే. పౌలు తన పత్రికల్లో ఒక్కసారి కూడా వాడలేదు. 325లో నీకయ సభలో బిషప్పులు ఆమోదించిన విశ్వాస ప్రమాణంలోనూ అది లేదు. ప్రభువు, క్రీస్తు, దేవుని కుమారుడు అన్న మాటలే క్రైస్తవ సంఘం నోట నిలిచాయి. ఈ బిరుదును సంఘమే పుట్టించి యేసు నోట పెట్టిందని కొందరు పండితులంటారు. సంఘం పెద్దగా వాడని బిరుదు విషయంలో ఆ మాట నమ్మడం కష్టం.