శ్రావణమాసంలో చికెన్

వరలక్ష్మీ వ్రతానికి అమ్మ ఓళిగలు, అదే బొబ్బట్లు, చేసింది. మా అనంతపురంలో ఓళిగ అంటే నెయ్యి కారాల్సిందే. ఆరడానికి పెట్టిన పళ్లెం వసారాలో స్టూలు మీద ఉంది. స్టూలు పక్కన మా టైగర్ ఉన్నాడు. హారతి అయ్యాక చూస్తే స్టూలు, పళ్లెం మిగిలాయి. పళ్లెం మళ్లీ కడగక్కర్లేనంత శుభ్రంగా ఉంది.

నెయ్యీ తీపీ అంత మోతాదులో పడితే కుక్క కడుపు ఊరుకోదు. పగలంతా పడుకునే జీవి, పేరుకు తగ్గ వేగం ఆ రాత్రి చూపించాడు. వాడు తలుపు గీకడం, నేను గడియ తీయడం, ఇద్దరం వీధి చివర చెట్టు దాకా పరుగు. ఒక్కోసారి చెట్టు అందేది కాదు. ఎదురింటివాళ్ల ముగ్గు సంగతి ఇక్కడ వద్దులెండి.

తెల్లారేసరికి ఇంటినిండా డాక్టర్లే. అవ్వ "దిష్టి తగిలింటాది" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదీసి నిప్పుల్లో వేసింది. ఆ ఘాటుకు మేమంతా దగ్గుతుంటే టైగర్ తుమ్ముతూ మళ్లీ చెట్టు దారి పట్టాడు. మామ మజ్జిగలో మెంతులు కలిపి పట్టమన్నాడు. పక్కింటి సారు తను వేసుకునే మాత్ర సగానికి విరిచి నా చేతిలో పెట్టాడు.

నాన్నా నేనూ వాణ్ణి ఆటోలో ఎక్కించుకుని పశువుల ఆసుపత్రికి పోయాం. ముందు ఒక బర్రె, దాని వెనక గొర్రెలు. బర్రెను చూడగానే టైగర్ నాన్న కాళ్ల మధ్య దూరాడు. గొర్రెలాయన పలకరించాడు.

"ఏమైందప్పా?"

"ఓళిగలు తిన్నాడు."

"ఎన్ని?"

"అన్నీ."

ఆయన తన గొర్రెల వైపు ఎంతో ప్రేమగా చూసుకున్నాడు.

డాక్టరు థర్మామీటరు పెట్టాడు. 102 చూసి నాన్న "అయ్యో, జ్వరం!" అన్నాడు. కుక్కలకు 101 నుంచి 102.5 డిగ్రీల దాకా మామూలేనట. చిగుళ్లు తడిగా ఉన్నాయా, మెడ మీద తోలు లాగి వదిలితే వెంటనే సర్దుకుంటోందా చూసి, ఒంట్లో నీరు బాగానే ఉందన్నాడు. రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, నీళ్లు ముట్టకపోయినా ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నాడు. నా జేబులోని సగం మాత్ర చూసి మాత్రం గట్టిగానే కోప్పడ్డాడు. మనం నొప్పులకు మింగే ఐబుప్రొఫెన్ లాంటివి కుక్క కడుపులో పుండ్లు చేస్తాయట, కిడ్నీలనూ దెబ్బతీస్తాయట.

"తోలు తీసిన చికెన్ ఉత్త నీళ్లలో ఉడకబెట్టి, మెత్తటి అన్నంలో కలిపి కొంచెం కొంచెంగా పెట్టండి. ఉప్పూ కారం వద్దు. ఉల్లి, వెల్లుల్లి అసలే వద్దు, వాటికి కుక్కల రక్తకణాలు దెబ్బతింటాయి."

నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. శ్రావణమాసం నెలంతా మా ఇంట్లో కోడిగుడ్డు కూడా గడప దాటదు.

అవ్వ చాలాసేపు ఆలోచించింది. "ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. మనకంటే నిష్ఠగా తింటాండాడు కదరా. మిద్దె మీద వండుకోండి" అని తీర్పు చెప్పింది.

చికెన్ అంగడాయనకు మా ఇంటి సంగతంతా తెలుసు. "శ్రావణం కదన్నా?" అన్నాడు.

"కుక్కకు."

"అందరూ అదే చెప్తారులేన్నా" అని కన్నుగీటి, మసాలా ప్యాకెట్ కూడా సంచిలో వేశాడు. వద్దని తిరిగి ఇస్తే ఇంకా గట్టిగా నవ్వాడు.

మిద్దె మీద స్టవ్ వెలిగించగానే వాసన వీధంతా పాకింది. ఎదురింటి అత్త గోడ మీదుగా తొంగిచూసి, "ఏమి వండుతాండారు?" అంది. "కుక్కకు" అన్నాను. మా ముగ్గు మీద అంత పని చేసింది ఈ కుక్కేనా అన్నట్టు చూసింది. సాయంత్రానికి, కుక్క పేరు చెప్పి మేము వ్రతం ఎగ్గొట్టామని వీధంతా తేలిపోయింది.

టైగర్ కడుపు తొందరగానే కుదురుకుంది. చెట్టు దాకా ఇప్పుడు తీరుబాటుగా, గోడలన్నీ వాసన చూసుకుంటూ నడుస్తున్నాడు. కానీ మిద్దె మీద స్టవ్ ఆరలేదు. గిన్నె పైకి మోసే పని ఎవరూ చెప్పకుండానే నాన్న తీసుకున్నాడు. పైన వాళ్లిద్దరే చాలాసేపు ఉంటున్నారు.

అవ్వ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది. "బాగైంది కదరా వానికి! ఇంక చికెన్ ఎవరికి?"

పైనుంచి నాన్న గొంతు, నోట్లో ఏదో ఉన్నట్టు వినిపించింది: "ఒక్కసారిగా మార్చకూడదమ్మా. నిదానంగా మార్చల్లని డాక్టరే చెప్పినాడు!"