కమిటీలో ఒక పేరు కావాలి

కాలేజీలకు గ్రేడులిచ్చే నాక్ టీమ్ వస్తుందంటే వారం ముందు నుంచే మా కాలేజీలో పెయింటర్‌కి చేతినిండా పని. నెల్లూరు జిల్లాలో నేను పాతికేళ్లు ఇంగ్లీషు చెప్పిన కాలేజీ అది. పేరెందుకు, ఇలాంటివి చుట్టుపక్కల చాలానే ఉన్నాయి. మెట్ల కింద చీపుళ్లు, విరిగిన బెంచీలు పడేసే గది ఒకటుండేది. ఓ రోజు పొద్దున వెళ్లేసరికి దాని తలుపు మీద నీలం అక్షరాలతో 'ఎస్సీ, ఎస్టీ సెల్' అని రాసుంది. ఇంకా తడి ఆరలేదు. సెల్ పుట్టింది కాబట్టి కన్వీనర్ పేరొకటి కావాలి. లిస్టు రాసేది నేనే. ఆలోచించాల్సిన పని కూడా పడలేదు, మా డిపార్ట్‌మెంట్‌లో ఉన్న ఒకే ఒక్క దళిత లెక్చరర్ పేరు రాసేశాను. స్కాలర్‌షిప్పుల కమిటీకీ ఆయనే, యాంటీ ర్యాగింగ్‌కీ ఆయనే. ఆయన పీహెచ్‌డీ ఇంగ్లీషు కవి కీట్స్ మీద. కీట్స్ పాఠం మాత్రం నేను చెప్పేవాణ్ణి, సీనియర్ని కదా.

రిటైరయ్యాక మ్యాట్ జాన్సన్ నవల 'పిమ్' చదువుతుంటే ఆ పెయింట్ వాసన మళ్లీ ముక్కుకు తగిలింది. 2011లో వచ్చిన అమెరికన్ వ్యంగ్య నవల ఇది. క్రిస్ జేన్స్ అనే నల్లజాతి ప్రొఫెసర్‌ని ఓ కాలేజీ తీసుకున్నది నల్లవాళ్ల సాహిత్యం చెప్పమని. ఆయనేమో తెల్లజాతి రచయిత ఎడ్గార్ ఎలన్ పో చెబుతానంటాడు. తెల్లదనం అనే ఊహ ఎలా తయారైందో తెలియాలంటే తెల్లవాళ్లు రాసిన పుస్తకాల్లోనే వెతకాలని ఆయన పట్టు. పైగా డైవర్సిటీ కమిటీలో కూర్చోనంటాడు. ఇంకేముంది, ఉద్యోగం పర్మినెంట్ కాదు. తర్వాత కథ ఎక్కడో అంటార్కిటికా మంచులోకి వెళ్లిపోతుంది, అక్కడ తెల్లటి భారీకాయులు జేన్స్‌నీ, అతనితో వెళ్లినవాళ్లనీ బానిసలు చేసుకుంటారు. ఆ భాగం నాకు కాస్త సాగినట్టే అనిపించింది. అసలు కారమంతా మొదటి అధ్యాయాల్లోనే ఉంది.

ఆ కారం దేని మీదంటే, మంచివాళ్ల మీద. ఆ కాలేజీలో నల్లవాళ్లను బూతులు తిట్టేవాడు ఎవడూ లేడు. అందరూ మర్యాదస్తులే, వివక్షకు వ్యతిరేకులే. కాకపోతే వివక్షను తుడిచే పని కూడా దానివల్ల దెబ్బతిన్నవాడి నెత్తినే పెట్టి, మిగతావాళ్లు తమకిష్టమైన కవుల్ని చెప్పుకుంటూ హాయిగా ఉంటారు. ఇందులో అమెరికా ఎంత, నెల్లూరు ఎంత అని నన్నడిగితే తేడా చెప్పడం కష్టం.

ఒక్క తేడా మాత్రం ఉంది. అక్కడ రంగు కంటికి కనిపిస్తుంది. ఇక్కడ కులం అడిగి తెలుసుకోవాలి, అడిగినట్టు ఉండకూడదు. మా స్టాఫ్‌రూమ్‌లో కొత్త లెక్చరర్ చేరిన రోజు వరస ఇలా నడిచేది. "ఏ ఊరు సార్?" ఊరు చెబితే, "ఆ ఊళ్లో ఎవరి తాలూకు?" అదీ తప్పించుకుంటే, "ఇంటిపేరేంది?" అప్పటికీ తేలకపోతే చివరి అస్త్రం: "ఇల్లు రామాలయం దగ్గరా, ఇంకా అవతలా?" ఆ 'అవతల' అన్న మాట తర్వాత రెండు క్షణాలు ఎవరూ మాట్లాడరు. తర్వాత అందరికీ ఒక్కసారే టీ గుర్తొస్తుంది. ఈ నాలుగు ప్రశ్నల మీద నాలుగు అధ్యాయాలు రాయొచ్చు.

తమాషా ఏంటంటే పేరు చివర 'రెడ్డి' తీసేసుకున్న పుచ్చలపల్లి సుందరయ్యది మా జిల్లా అలగానిపాడే. ఆయన మీద ఉపన్యాసం విని బయటికొచ్చి, ఉపన్యాసకుడి ఇంటిపేరు ఆరా తీసినవాళ్లు నాకు తెలుసు. పొట్టి శ్రీరాములు సంగతీ అంతే. జిల్లాకే ఆయన పేరు. ప్రతి ఫంక్షన్‌లో 1952 నాటి 58 రోజుల దీక్ష చెబుతాం. అంతకుముందు 1946లో మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని ఆయన చేసిన నిరాహార దీక్షను మా కాలేజీ మైకులో నేను ఒక్కసారి కూడా వినలేదు.

మరి మన క్యాంపస్‌లలో నవ్వు లేదా? కావల్సినంత ఉంది, అంతా కిందికే. పల్లె నుంచి వచ్చిన పిల్లవాడి ఇంగ్లీషు ఉచ్చారణ మీద జోకులు. ఫీజు ప్రభుత్వం కట్టేవాళ్లకు 'రీయింబర్స్‌మెంట్ పిల్లలు' అని పేరు. కోటా అనగానే మూతి తిప్పే మా స్టాఫ్‌రూమ్‌లో మేనేజ్‌మెంట్ కోటా మీద ఒక్క జోకూ పేలలేదు. నేనూ మెరిట్ గురించి చాలానే మాట్లాడాను. మా నాయనకు కాలవ కింద ఆరెకరాల మాగాణి. మొలగొలుకుల వడ్లు అమ్మిన డబ్బుతో నన్ను టౌన్లో రూమ్ తీసి చదివించాడు. సెలవులకు ఇంటికెళితే నాట్లు వేయమని ఎవరూ అనలేదు. ఆ ఆరెకరాలను నేను చాలా ఏళ్లు తెలివితేటలు అనుకున్నాను.

కారంచేడులో దళితుల ఊచకోత చూసిన నేల, అప్పుడది ప్రకాశం జిల్లా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నది 2016లో. ఇలాంటి చోట నవ్వేంటి అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. కారంచేడులో 1985 జులై 17న జరిగినదాని మీద ఎవరూ నవ్వలేరు. ఆ తర్వాత మనం పెట్టుకునే సంతాప సభల మీద, 'మా కాలేజీలో అలాంటివేం లేవండీ' అనే ప్రిన్సిపాళ్ల మీద, నా కమిటీ లిస్టు మీద నవ్వొచ్చు, నవ్వాలి కూడా. దళితులెవరైనా ఎదురుగా అలాంటి నవ్వు నవ్వితే మనకు ఊపిరాడదు. అందుకే దళిత రచయిత దగ్గర్నుంచి మనం కన్నీళ్లే అడుగుతాం. పర్సివల్ ఎవరెట్ 2001 నవల 'ఇరేజర్'లో గొడవంతా ఇదే. నల్లజాతి ప్రొఫెసర్ రాసిన కష్టమైన నవలల్ని 'ఇందులో నల్లదనం చాల్లేదు' అని పక్కన పెట్టేస్తారు. ఒళ్లు మండి, వాళ్లకు కావాల్సిన మురికివాడ కథను వెక్కిరింతగా రాసి పారేస్తే, దాన్నే నెత్తిన పెట్టుకుంటారు. 2023లో ఇది 'అమెరికన్ ఫిక్షన్' పేరుతో సినిమాగా వచ్చి, స్క్రీన్‌ప్లేకి ఆస్కార్ కూడా తెచ్చుకుంది.

మా కాలేజీలో ఏటా అంబేద్కర్ జయంతికి మాట్లాడేది కూడా మా కీట్స్ మాస్టారే. ఒక ఏడు ఎండ మండిపోతోంది. ఆడిటోరియం బయట మజ్జిగ గ్లాసులు పేర్చి ఉన్నాయి. నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు, "సార్, ఈసారి అంబేద్కర్ మీద మీరు మాట్లాడండి. వచ్చే వారం థర్డ్ ఇయర్‌కి కీట్స్ నేను చెబుతా." నేను నవ్వి, "మీరు మాట్లాడితేనే బాగుంటుందయ్యా" అన్నాను. మెచ్చుకున్నాననే అనుకున్నా. ఆయన స్టేజీ ఎక్కాడు. మేం మజ్జిగ తాగాం.

ఈ మధ్య ట్రంక్ రోడ్డులో కనిపిస్తే 'పిమ్' గురించి చెప్పి, మన దగ్గర ఇలాంటి నవల మీరు రాయాలి సార్ అన్నాను. ఆయన పెద్దగా నవ్వాడు.

"మళ్లీ నాకే పనా? అయినా అది ఎప్పుడో రాసేశాం కదా సార్, సెల్ మినిట్స్ బుక్. 'సభ్యుల దృష్టికి ఏ సమస్యా రాలేదు. టీ అనంతరం సమావేశం ముగిసింది.' పదకొండేళ్లు అదే వాక్యం. కింద మెంబర్‌గా మీ సంతకం కూడా ఉంటది, చూసుకోండి."