రెక్కలు ఎప్పుడూ తెరిచే ఉండవు
షట్టర్ నొక్కేదాకా అపెర్చర్, అంటే కెమెరా లెన్సులో వెలుతురు వెళ్లేందుకు రెక్కల మధ్య ఉండే రంధ్రం, పూర్తిగా తెరిచే ఉంటుందని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా వ్యూఫైండర్ విషయంలో అది నిజమే, ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌లో అన్నిసార్లూ కాదు. నమ్మకం కుదరకపోతే మిర్రర్‌లెస్‌లో అపెర్చర్‌ని ఎఫ్/8కి, అంటే చిన్న రంధ్రానికి పెట్టి, కెమెరా ఆన్‌లో ఉండగా లెన్స్ ముందునుంచి లోపలికి చూడండి. నా దాంట్లో రెక్కలు అప్పటికే దగ్గరకొచ్చి చిన్న బెజ్జంలా కనిపిస్తాయి. వెలుతురు తక్కువున్నచోట బటన్ సగం నొక్కితే చటుక్కున తెరుచుకుని, ఫోకస్ కుదరగానే మళ్లీ ముడుచుకుంటాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ టిక్కుటిక్కు బాగానే వినిపిస్తుంది. ఆటోఫోకస్ (ఏఎఫ్) చేసేటప్పుడు రెక్కలు ఎలా కదలాలో ఎంచుకోవడానికి సోనీ కొన్ని కెమెరాల్లో 'అపెర్చర్ డ్రైవ్ ఇన్ ఏఎఫ్' అని సెట్టింగ్ ఇచ్చింది కూడా. అందులో సైలెంట్ ప్రయారిటీ పెడితే చప్పుడు తగ్గుతుంది, బదులుగా ఫోకస్ కాస్త నెమ్మదించొచ్చు. నాకు అసలు తలనొప్పి మాత్రం టైమ్‌లాప్స్‌తోనే, అంటే కాస్త కాస్త విరామంతో తీసిన ఫోటోలని కలిపి చేసే వీడియోతో. ఫ్రేము ఫ్రేముకీ రెక్కలు వెంట్రుకవాసి తేడాతో ఆగినా చాలు, వీడియోలో వెలుగు మినుకుమినుకుమంటుంది. ఒక సూర్యాస్తమయం అలాగే పాడైంది. చివరికి అపెర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్సుని అడాప్టర్‌తో తగిలించి, ఒక్కసారి ఎఫ్/8కి తిప్పి వదిలేశాను. ఆ రింగుని కెమెరా ముట్టుకోలేదు కదా!