సాధనకు అడ్డొస్తున్న పోటీ

అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, లెడ్‌విల్ అనే చిన్న ఊళ్లో, ఏటా ఆగస్టు నెలలో ఒక శనివారం ఉదయం ఆరున్నరకు తుపాకీ పేలుస్తారు. అది పేలగానే వెయ్యికి పైగా మంది మౌంటెన్ బైకులెక్కి కొండల్లోకి పోయి, వంద మైళ్లు, అంటే దాదాపు 160 కిలోమీటర్లు, ఎక్కువ భాగం మట్టిబాటల మీద తొక్కి తిరిగి వస్తారు. దీనివల్ల జరుగుతున్న నష్టం గురించి ఇంతవరకూ ఎవరూ గంభీరంగా ఆలోచించినట్టు లేదు. నెలల తరబడి క్రమశిక్షణతో, లెక్కాపత్రాలతో, ఇంటిల్లిపాది సహకారంతో సాగుతున్న ఒక మహత్తర సాధన ఆ ఒక్క మోతతో ఉన్నపళంగా ఆగిపోతున్నది. సాధనకు పోటీ అడ్డొస్తున్నది గనుక పోటీని రద్దు చేసి, సాధనను మాత్రం యథాతథంగా కొనసాగించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

నా వాదానికి మొదటి ఆధారం ఆ ఊరి చరిత్రే. లెడ్‌విల్ ఒకప్పుడు వెండి గనుల ఊరు. తరువాత పక్కనే ఉన్న క్లైమాక్స్ అనే మాలిబ్డినం లోహపు గని దాన్ని పోషించింది. 1982లో ఆ గని మూతపడి వేలమంది వీధిన పడ్డారు. అప్పుడు కెన్ క్లౌబర్ అనే గని కార్మికుడు, బయటివాళ్లు వచ్చి ఒక రాత్రయినా బస చేస్తే తప్ప ఊరు బతకదని తలచి, 1983లో వంద మైళ్ల పరుగు పందెం మొదలుపెట్టాడు. ఇంత ఎత్తులో ఇలాంటి పందెం పెడితే ఎవరో ఒకరు చచ్చిపోతారని ఆసుపత్రి అధికారి హెచ్చరిస్తే, అలాగైనా మన ఊరికి పేరొస్తుంది కదా అని ఆయన బదులిచ్చాడని చెప్పుకుంటారు. సైకిల్ పందెం 1994లో వచ్చింది. వెనకటికి ఆ కొండలెక్కి గనిలో దిగినవాడికి కూలి ఇచ్చేవారు. ఇప్పుడు ఎక్కేవాడే డబ్బు కట్టి, గది అద్దె కట్టి, పోటీలో వెనుదిరిగే చోటైన కొలంబైన్ గని దాకా ఎక్కి, తవ్వకుండా వెనక్కి వస్తున్నాడు. ఊరికి కావలసింది మనుషులు రావడం, ఉండడం, తినడం. వీటిలో దేనికీ సైకిల్ తొక్కడం అవసరం లేదన్నది గమనార్హం.

ఇక సాధకుడి సంగతి. డాలస్ శివార్లలో ఉండే తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు ఎవరినైనా తీసుకోండి. ఈ పోటీలో ప్రవేశం చాలామందికి లాటరీ ద్వారానే దొరుకుతుంది. ఇతర జాతులవారు ఇక్కడే డీలాపడతారు గానీ, హెచ్-1బి లాటరీలో పేరు రాక, మళ్లీ వేసి, మళ్లీ రాక, చివరికి వచ్చి, ఆపైన గ్రీన్ కార్డు వరుసలో నిలబడ్డ మనవాడికి ఇదొక లెక్కలోది కాదు. పేరు వచ్చేదీ రానిదీ తేలకముందే అతడు బండి కొంటాడు. బండి కొన్నాక పేరు రాకపోతే, వచ్చే ఏటికి సాధన ముందే మొదలైనట్టు లెక్క. చూశారా, ఇక్కడ కూడా పోటీ లేకపోవడంవల్ల ఏ లోటూ జరగలేదు.

సాధనకు డాలస్‌ను మించిన చోటు లేదు. లెడ్‌విల్ సముద్రమట్టానికి 10,152 అడుగుల ఎత్తున ఉంది. పోటీలో వెనుదిరిగే చోటు 12,400 అడుగులు దాటుతుంది. డాలస్ ఎత్తు నాలుగైదు వందల అడుగులు. నగరంలో చెప్పుకోదగ్గ కొండ అంటే హై ఫైవ్ అనే ఐదంతస్తుల ఫ్లైఓవర్ల కూడలి ఒక్కటే, అక్కడ సైకిల్‌తో కనిపిస్తే ఇంటికి వేరే వాహనంలో రావలసి ఉంటుంది. మట్టిబాట కావాలంటే గ్రేప్‌వైన్ చెరువు ఒడ్డున మంచిదే ఉంది గానీ, వాన కురిస్తే ఆ జిగటమన్ను మీద చక్రాల గాడులు పడి బాట పాడవుతుందని, ఆరేదాకా దాన్ని మూసి ఉంచుతారు. ఆ బాటలు చూసుకునే డార్బా అనే స్థానిక సంఘం ఏది తెరిచి ఉందో, ఏది మూసి ఉందో ఎప్పటికప్పుడు ప్రకటిస్తుంది. సాధకుడు శనివారం తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, ఆ ప్రకటన చూసి, మూసి ఉందని తెలుసుకుని, గరాజ్‌లో స్టాండుకు బిగించిన సైకిలెక్కి, ఫ్యాను ముందు నాలుగు గంటలపాటు ఎక్కడికీ వెళ్లకుండా తొక్కుతాడు.

ఎత్తు లేని కొరతను విజ్ఞానశాస్త్రం తీర్చింది. ఎత్తైన చోట నివసిస్తూ, దిగువకు వచ్చి సాధన చేస్తే రక్తంలో ఎర్రకణాలు పెరిగి పరుగు మెరుగవుతుందని 1997లో బెంజమిన్ లెవీన్, జేమ్స్ స్ట్రే-గండర్సన్ ఒక పరిశోధనలో చూపించారు. వీరిలో లెవీన్ డాలస్ వైద్యుడే కావడం మన సాధకుడికి గర్వకారణం. చెప్పిన రెండింటిలో దిగువన సాధన చేయడమనే సగం అతడికి పుట్టుకతోనే సమకూరింది. తక్కిన సగానికి మంచం మీద ఒక ప్లాస్టిక్ డేరా కట్టి, అందులోకి ఆక్సిజన్ శాతం తగ్గించిన గాలిని ఒక యంత్రంతో పంపుతారు. నిజానికి లెడ్‌విల్ గాలిలోనూ ఆక్సిజన్ అదే 21 శాతం. అక్కడ తగ్గేది గాలి ఒత్తిడి, అది సముద్రతీరంలో ఉండేదానిలో దాదాపు 70 శాతమే. డేరా ఒత్తిడిని తగ్గించలేదు, ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. ఫలితం మాత్రం ఒకటే, భర్త లోపల ఆయాసపడతాడు, భార్య బయట యంత్రం మోతకు నిద్రపోదు. ఈ ఒత్తిడి సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి, దీనితో మళ్లీ పని ఉంది.

దూరప్రయాణపు పోటీలకు జోన్ టూ అనే నెమ్మది సాధన ప్రాణమంటారు కోచ్‌లు. ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం అది. దాన్ని కొలవడానికి ఛాతీకి పట్టీ, చేతికి గడియారం, పెడలుకు పవర్ మీటరు ఉన్నాయి గానీ, వీటన్నిటికంటే కచ్చితమైన పరికరం గుంటూరులో ఉంది. డాలస్‌లో రాత్రి తొమ్మిది గంటలకు అక్కడ తెల్లవారి ఉంటుంది. సాధకుడు స్టాండు మీద తొక్కుతూ అమ్మకు ఫోన్ చేస్తాడు. పక్కింటివాళ్ల పెళ్లి సంబంధం గురించి వింటూ సావకాశంగా ఊఁ కొడుతున్నంతసేపు జోన్ టూలో ఉన్నట్టు. "ఏరా నాన్నా, ఆ రొప్పడమేంటి, ఒంట్లో బాగుందా?" అని ఆమె అడిగిన క్షణాన జోన్ త్రీలోకి జారిపోయినట్టు. అతడు వెంటనే ఒక గేరు తగ్గిస్తాడు. ఆమె మరునాడు కోడలికి ఫోన్ చేసి వాణ్ణి డాక్టరుకు చూపించమంటుంది. పోటీ రోజున ఈ సౌకర్యం ఉండదు.

బరువు విషయంలో సాధకుడి దీక్ష మెచ్చుకోదగ్గది. బోల్టులు టైటానియానివి, సీసా పెట్టే చట్రం కార్బన్‌ది, ట్యూబులు తీసేసి టైర్లలో రబ్బరుపాల సీలెంట్ పోయించాడు. ఇలా వేల డాలర్లు వెచ్చించి బండిలో ఒక కిలో తగ్గించాడనుకుందాం. పోటీలో ఎక్కవలసిన ఎత్తంతా కలిపితే 11,000 నుంచి 12,000 అడుగులు, అంటే మూడున్నర వేల మీటర్లు. ఒక కిలోను అంత ఎత్తుకు మోయడానికి పట్టే శక్తి ఎనిమిది కిలోకేలరీలు. కండరాలు తిన్నదానిలో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేవు గనుక ముప్పయ్యో, ముప్పయ్యైదో అనుకోండి. ఏతావాతా మిగిలింది ఒక చిన్న ఇడ్లీ, చట్నీ లేకుండా. కాలం లెక్కన చూస్తే కొద్ది నిమిషాలు ఆదా కావచ్చు. ఈ లెక్కను సాధకుడి ముందు పెడితే అతడు దుకాణానికి పోయి ఇంకో ఇడ్లీ తగ్గించుకుని వస్తాడు. ఆదివారాల పాట్‌లక్ విందులో బిర్యానీ రెండోసారి వడ్డించుకోవడం ఈ లెక్కలోకి రాదు, ఎందుకంటే అది బండి బరువు కాదు.

వంటింటి పరిస్థితి మరింత లోతుగా పరిశీలించదగ్గది. పేగులు గంటకు అరవై గ్రాములకు మించి గ్లూకోజును పీల్చుకోలేవనీ, ఫ్రక్టోజుకు వేరే దారి ఉంది గనుక రెండూ కలిపి తాగితే తొంభై గ్రాముల దాకా పోవచ్చుననీ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మన పంచదారలో ఆ రెండూ చెరి సగం ఉంటాయి. అయినా సాధకుడు అదే సరుకును పొట్లాల్లో, ఫలానా రుచితో, అనేక రెట్ల ధరకు కొంటాడు. అంత తీపి పొట్ట తట్టుకోవాలంటే దానికీ సాధన కావాలి. అందుకని వారాంతాల్లో చిన్న త్రాసు మీద తొంభై గ్రాములు తూచి, సీసాలో కలిపి, గంటకొకటి చొప్పున తాగుతాడు. పదకొండు గంటల పోటీకి ఇది దాదాపు ఒక కిలో. ఇండియా నుంచి ఆరు నెలలకని వచ్చిన మామగారు, పదిహేనేళ్లుగా షుగరు మాత్రలు వేసుకుంటూ చక్కెర లేని కాఫీ తాగుతున్న మనిషి, ఆ తూకాన్ని డైనింగ్ టేబులు దగ్గర కూర్చుని నాలుగు వారాలు చూశారు. ఐదో వారం, "బాబూ, ఇది మీ డాక్టరే రాశాడా?" అని మాత్రం అడిగారు.

అదే వంటింట్లో, కూతురు పులుసు పెట్టుకునే స్లో కుక్కర్‌లో ఆ రోజు సైకిల్ చైను ఉడుకుతున్నది. చైనుకు నూనె కంటే కరిగించిన మైనం మంచిదనీ, దుమ్ము పట్టదనీ, రాపిడివల్ల పోయే వాట్లు కొన్ని మిగులుతాయనీ సాధకుల నమ్మకం. అందులో నిజమూ ఉంది. మామగారు మూత తీసి చూసి, మళ్లీ మూసి, తన గదిలోకి వెళ్లిపోయారట.

ఇంత సామగ్రి మధ్య డేవ్ వీన్స్ ఉదంతం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 2003 నుంచి 2008 దాకా వరుసగా ఆరేళ్లు ఈ పోటీ గెలిచిన ఆ మనిషి 2008లో పేరుమోసిన సైకిల్ పందేల వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్‌నే వెనక్కి నెట్టాడు. ఆయన నివాసం కొలరాడోలోనే, 7,700 అడుగుల ఎత్తున ఉన్న గన్నిసన్‌లో. ఏళ్ల తరబడి కొండ మీద కాపురముండి రోజూ సైకిల్ తొక్కడమనే ఈ పద్ధతి ఏ దుకాణంలోనూ దొరకదు, కొన్నాక నచ్చకపోతే తిరిగి ఇవ్వడానికీ కుదరదు.

సాధనలో పరాకాష్ఠ టేపర్. పోటీకి రెండు వారాల ముందు శ్రమ తగ్గించి ఒంటికి విశ్రాంతినివ్వడాన్ని అలా అంటారు. ఏడెనిమిది నెలలుగా గరాజ్‌లో ఉన్న మనిషి ఇంట్లోకి వస్తాడు. వచ్చి, మోకాలి వెనక ఏదో పట్టేసిందంటాడు. పిల్లవాడు తుమ్మితే లేచి పక్క గదిలోకి పోతాడు. స్నేహితుల గృహప్రవేశానికి, అక్కడ జనముంటారనీ, జనమున్నచోట జలుబు ఉంటుందనీ, రాడు. టైరులో గాలి ఇరవై పీఎస్ఐ ఉండాలా, ఇరవై ఒకటా అన్న సమస్యను భోజనాల దగ్గర లేవదీస్తాడు. కాళ్లలో బలం పోయినట్టుందని అర్ధరాత్రి డేరాలోంచి అంటాడు. ఈ రెండు వారాలకు కారణం పోటీ దగ్గరపడడమే. పోటీ లేకపోతే టేపర్ ఉండదు, సాధకుడు గరాజ్‌లోనే క్షేమంగా ఉంటాడు. నా ప్రతిపాదనకు కుటుంబ సభ్యుల మద్దతు ప్రధానంగా ఈ అంశం మీదనే లభిస్తున్నది.

మరి బకిల్ మాటేమిటని అడగవచ్చు. పన్నెండు గంటల లోపు తిరిగి వచ్చినవారికి బెల్టుకు పెట్టుకునే లోహపు బకిల్ ఇస్తారు, తొమ్మిది గంటల లోపు వస్తే ఇంకా పెద్దది. సాధకుడికి ఉన్న నిక్కర్లలో దేనికీ బెల్టు పట్టదు గానీ, అది వేరే విషయం. బకిల్‌ను పోటీకి కాక సాధనకే ఇవ్వాలని, అంటే ఎవరు ఎంత సన్నాహం చేశారో లెక్కగట్టి జూలై నెలాఖరుకే పంచిపెట్టాలని నా సూచన. ఈ సూచనను అమలులో పెట్టి చూసేటప్పుడే ఒక చిక్కు ఎదురైంది.

2025లో పోటీ ఆగస్టు 9, శనివారం నాడు వచ్చింది. దానికి ముందు రోజు వరలక్ష్మీ వ్రతం. ఆ ఏడు పోటీకి పోయిన సాధకుడి భార్య కలశం, పసుపు, కుంకుమ, తోరాలకు దారం, పట్టుచీర సర్దుకుని, వాటితోపాటు ఆరు సీసాలు, రెండు ఐసు పెట్టెలు, జెల్ పొట్లాలు, విడి టైరు, పెరుగన్నం సర్దుకుని, పన్నెండు గంటలకు పైగా కారులో వెళ్లవలసిన దూరానికి, తోవలో సగం తానే నడుపుతూ బయలుదేరింది. లెడ్‌విల్‌లో గాలి ఒత్తిడి తక్కువ గనుక నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పూర్ణాలకని పెట్టిన శనగపప్పు మామూలు గిన్నెలో గంటల తరబడి ఉడకదు. ఆమెకు ఇది ముందే తెలుసు. డాలస్ నుంచి ప్రెషర్ కుక్కర్ తెచ్చుకుంది. భర్త నెలల తరబడి డేరాలో పడుకుని ఎదుర్కోజూసిన సమస్యను నాలుగు విజిళ్లతో తేల్చేసి, వ్రతం చేసుకుని, మరునాడు తెల్లవారకముందే పోటీ తోవలో ఉన్న ట్విన్ లేక్స్ దగ్గర చలిలో వరుసలో చోటు పట్టుకుని, గంటల తరబడి నిలబడి, అతడు వచ్చినప్పుడు పదిహేను సెకన్లలో సీసాలు మార్చి ఇచ్చింది. అతడు "ఇది కాదు, రెండోది" అన్నాడు. అది కూడా ఆమె చేతిలో ఉంది. అతడు కొండెక్కి దిగి మళ్లీ వచ్చేదాకా అక్కడే ఉంది.

సన్నాహాన్ని బట్టే బకిల్ ఇవ్వవలసివస్తే, నేను ఎన్ని విధాల కూడి చూసినా అది ఆమెకే వస్తున్నది, అదీ పెద్ద బకిల్. దీనికి సాధకులెవరూ ఒప్పుకోవడం లేదు. తొక్కింది ఎవరని అడుగుతున్నారు. తొక్కినవాడెవరో తేల్చాలంటే తొక్కించడం తప్ప వేరే మార్గం లేదు. ఈ చిక్కు తప్పించుకోవడానికే కాబోలు, నిర్వాహకులు ఏటా ఆగస్టులో పోటీ పెడుతూనే ఉన్నారు.